హైదరాబాద్‌లో నాటకం చూడాలంటే: కార్డు చదవడం దగ్గర నుంచి తెర లేచేదాకా

‘ఈ వారం నగరంలో ఏ నాటకం ఆడుతోంది?’ అని అడిగేవాళ్లు నాకు నెలకు నలుగురైనా తగులుతారు. ఫోనులో వెతికామని, బుక్‌మైషోలో ఒక ఇంగ్లీషు నాటకం, రెండు హిందీ హాస్య కార్యక్రమాలు తప్ప ఏమీ లేవని చెబుతారు. తెలుగు నాటకం పోయినట్టేనని తీర్పు కూడా వాళ్లే ఇచ్చేస్తారు. పోలేదు. మీరు సినిమాను వెతికినట్టు వెతుకుతున్నారు, అందుకే దొరకడం లేదు.

సినిమా వారాల తరబడి ఆడుతుంది. హైదరాబాద్‌లో తెలుగు నాటకం మాత్రం చాలా వరకు ఒక్క సాయంత్రమే ఆడుతుంది. మర్నాడు అదే వేదిక మీద సంగీత కచేరీయో, పుస్తకావిష్కరణో ఉంటుంది. టికెట్ ఉండదు కాబట్టి టికెట్లు అమ్మే చోట దాని ఊసే ఉండదు. అంచేత ఆడుతున్న నాటకం కోసం కాదు, ఆడబోయే నాటకం కోసం వెతకాలి. ఎలాగో వరసగా చెబుతాను.

కావలసినవి:

- తెలుగు దినపత్రిక, అందులో వచ్చే హైదరాబాద్ పేజీలు
- వాట్సాప్ ఉన్న ఫోను
- ఒక క్యాలెండరు (గోడకు వేలాడేదైనా సరే, దాని అవసరం ఎంతో మూడో అంచెలో తెలుస్తుంది)
- మంచినీళ్ల సీసా, కడుపులో ఏదో ఒక టిఫిను
- రెండు మూడు గంటల ఓపిక. నాటకానికి ముందు సభ ఉంటే దానికి మరో గంటన్నర కలుపుకోండి

1. మీకు ఏ నాటకం కావాలో ముందు తేల్చుకోండి

నాటకం అనగానే అందరూ ఒకే వస్తువు అనుకుంటారు. పద్య నాటకం వేరు: కిరీటాలు, హార్మోనియం, రాగం తీసి పాడే పద్యాలు. సాంఘిక నాటకం వేరు: మామూలు ఇంటి హాలు, సోఫా, ఫోను, కుటుంబం గొడవలు. అదే సాంఘికాన్ని సుమారు గంటలో ముగిస్తే నాటిక. వీటన్నిటికీ దూరంగా, తరతరాలుగా కుటుంబాలే కలిసి ఆడుతున్న సురభి వారి నాటకం ఒక లోకం. పిల్లలతో వెళ్తుంటే కళ్లు మూసుకుని సురభికే వెళ్లండి. మొదటిసారి చూసే పెద్దవాళ్లకైతే నాటిక మంచిది, నచ్చకపోయినా గంటతో పోతుంది. పద్యం చెవికి అలవాటు లేనివాళ్లు మొదటే మూడు గంటల పౌరాణికానికి వెళ్లి, నాటకమంటే విసుగని తేల్చేసుకోవడం నేను చాలాసార్లు చూశాను. వాళ్ల తప్పు కాదు, వరస తప్పింది.

తెలుగే కావాలన్న పట్టు లేకపోతే నగరంలో ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు నాటకాలూ ఉన్నాయి. ఉర్దూ నాటకం ఈ ఊరికి కొత్త కాదు. బబ్బన్ ఖాన్ ‘అద్రక్ కే పంజే’ 1965లో ఇక్కడే మొదలై వేల ప్రదర్శనలు ఆడింది. ఈ భాషల నాటకాలకు టికెట్ ఉంటుంది, అవి బుక్‌మైషోలో దొరుకుతాయి కూడా. వాటి సంగతి చివర్లో విడిగా చెబుతాను.

2. కార్డు సంపాదించండి

నాటక సమాజాల వాళ్లు ఇప్పటికీ ఆహ్వాన పత్రికనే నమ్ముకున్నారు. ఒకప్పుడు అచ్చు వేసి పంచేవారు, ఇప్పుడు అదే కార్డు ఫొటోగా వాట్సాప్‌లో తిరుగుతోంది. అది మీ ఫోనుకు చేరడానికి మూడు దారులున్నాయి.

మొదటిది దినపత్రిక. హైదరాబాద్ పేజీల్లో ఆ రోజు కార్యక్రమాలను చిన్న అక్షరాల్లో వేసే శీర్షిక ఒకటి ఉంటుంది. వేదిక, సమయం, కార్యక్రమం, అంతే. ఉదయం కాఫీతో పాటు చూడండి. రెండోది, రవీంద్రభారతి మీదుగా వెళ్లేటప్పుడు బయట కట్టిన ఫ్లెక్సీలు. ఫోనుతో ఒక ఫొటో తీసుకుంటే చాలు. మూడోది అన్నిటికన్నా గట్టిది: ఒక్క నాటకానికి వెళ్లి, నిర్వాహకులకు మీ నంబరు ఇచ్చి రావడం.

కొన్ని రోజులను క్యాలెండరులో ముందే గుర్తు పెట్టుకోండి. మార్చి 27 ప్రపంచ రంగస్థల దినోత్సవం. ఏప్రిల్ 16 కందుకూరి వీరేశలింగం జయంతి, దాన్ని తెలుగు నాటకరంగ దినోత్సవంగా జరుపుకుంటారు. ఆగస్టు 2 రంగస్థల నటుడు బళ్లారి రాఘవ జయంతి. ఈ తేదీల ముందూ వెనుకా నగరంలో ఎక్కడో ఒకచోట తెర లేవకుండా ఉండదు. అయితే సభలు కూడా ఎక్కువగా ఉండేది అప్పుడే.

3. కార్డు జాగ్రత్తగా చదవండి

జనం తప్పులు చేసేదంతా ఇక్కడే.

మొదట తేదీ, వారం సరిపోతున్నాయో లేదో చూడండి. వాట్సాప్‌లో పాత కార్డులు దయ్యాల్లా తిరుగుతుంటాయి. నిరుటి కార్డును ఎవరో ఉత్సాహంగా పంపిస్తారు. దాని మీద సంవత్సరం ఉండదు, ఉన్నా ఫొటోలో కోసుకుపోతుంది. కానీ వారం అబద్ధం చెప్పదు. ఏడాది తిరిగేసరికి అదే తేదీకి పడే వారం ఒక రోజు ముందుకు జరుగుతుంది, మధ్యలో ఫిబ్రవరి 29 పడితే రెండు రోజులు. కార్డులో ‘14, ఆదివారం’ అని ఉండి మీ క్యాలెండరులో 14 సోమవారం అయితే, ఆ నాటకం ఎప్పుడో అయిపోయిందన్న మాట. ఈ లెక్క నేను ఊరికే నేర్చుకోలేదు. ఒకసారి అలాంటి కార్డు పట్టుకుని, ఇంటిల్లిపాదినీ ఆటోలో ఎక్కించుకుని వెళ్తే హాలులో ఎవరిదో అరంగేట్రం జరుగుతోంది. నాట్యం బాగానే ఉంది. మా అత్తగారు మాత్రం ‘హరిశ్చంద్రుడు ఎప్పుడొస్తాడు’ అని రెండుసార్లు అడిగారు.

తర్వాత మాటలు చూడండి. ‘నాటక ప్రదర్శన’ అంటే నాటకమే. ‘నాటక పఠనం’ అంటే కుర్చీల్లో కూర్చుని చదువుతారు. ‘నాటక సంపుటి ఆవిష్కరణ’ అంటే పుస్తకం మీద ఉపన్యాసాలు. ‘ఏకపాత్రాభినయం’ అంటే ఒకే నటుడు, పది పదిహేను నిమిషాలు. ‘రంగస్థల కళాకారుల సమ్మేళనం’ అని ఉంటే నాటకం ఉండకపోవచ్చు, సన్మానాలు మాత్రం తప్పకుండా ఉంటాయి.

పౌరాణికమైతే అది పూర్తి నాటకమా, సీనులా అన్నది చూడండి. ‘రాయబారం సీను’, ‘పడక సీను’, ‘కాటి సీను’, ‘మయసభ’ అని విడివిడిగా వేస్తే అవి ఏరి కూర్చిన ముక్కలు. ఒక్కో సీనుకు ఒక్కో కృష్ణుడు ఉన్నా ఆశ్చర్యపోకండి. కథ మొదటి నుంచీ కావాలనుకునేవాళ్లకు ఇది నిరాశ. పద్యం కోసం వెళ్లేవాళ్లకు ఇదే పండుగ.

పెద్ద నాటకాల విషయంలో నిడివి అడగండి. కన్యాశుల్కాన్నే తీసుకోండి. 1892లో విజయనగరంలో మొదటిసారి ఆడిన నాటకాన్ని గురజాడ 1909 నాటి ముద్రణకు బాగా పెంచి రాశారు. అంతా ఆడాలంటే ఒక సాయంత్రం చాలదు. మీరు చూడబోయేది ఎవరో కుదించిన ప్రతి. ఎంత కుదించారన్న దాన్ని బట్టి, మీకు నచ్చిన ఘట్టం ఉండవచ్చు, ఎగిరిపోయి ఉండవచ్చు.

ఇక అన్నిటికన్నా ముఖ్యం: కార్డు మీద ఉన్న మనుషులను లెక్కపెట్టండి. సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి, పురస్కార గ్రహీతలు. తలకు పది నిమిషాలు వేసుకోండి. జ్యోతి ప్రజ్వలనకు పది, వందన సమర్పణకు అయిదు కలపండి. కార్డులో ‘సాయంత్రం 6 గంటలకు’ అని ఉండి తొమ్మిది పేర్లు కనిపిస్తే తెర లేచేది ఏడున్నర తర్వాతే. పేర్ల బదులు నటీనటుల జాబితా పొడుగ్గా ఉంటే వేళకు వెళ్లిపోండి. కార్డు అడుగున ‘సమయపాలన పాటించగలరు’ అని అచ్చువేసిన సభలే నాకు తెలిసి అందరికన్నా ఆలస్యంగా మొదలవుతాయి, ఎందుకో మరి.

4. ఫోను చేయండి

కార్డు మీద నంబరు ఉంటుంది. మొహమాటపడకండి, నాటకం చూస్తామని ఫోను చేసేవాడంటే వాళ్లకు దేవుడితో సమానం. అయితే ప్రశ్న సరిగ్గా అడగాలి. ‘కార్యక్రమం ఎన్ని గంటలకండీ?’ అంటే కార్డు మీద ఉన్నదే చదివి వినిపిస్తారు. ‘నాటకం తెర ఎన్నింటికి లేస్తుందండీ?’ అని అడగండి. అవతల కాసేపు మౌనం, తర్వాత చిన్న నవ్వు, ఆ తర్వాత నిజం వస్తుంది: ‘మీరు ఏడుంబావుకు వచ్చేయండి సార్.’

అదే ఫోనులో మరో రెండు విషయాలు అడిగేయండి. ఏ హాలు? పాసు ఏమైనా కావాలా? ఎక్కువ కార్డుల మీద ‘అందరూ ఆహ్వానితులే’ అని ఉంటుంది, అప్పుడు పాసు అక్కర్లేదు.

5. హాలు ఎక్కడో సరిచూసుకోండి

రవీంద్రభారతి 1961లో, టాగూరు శతజయంతి ఏడాదిలో మొదలైంది. మెట్రోలో మియాపూర్–ఎల్‌బీ నగర్ మార్గంలో లక్డీకాపూల్‌లోగానీ అసెంబ్లీ స్టేషన్లోగానీ దిగి నడవవచ్చు. ప్రధాన మందిరంతో పాటు లోపల చిన్న హాళ్లూ ఉన్నాయి. ‘రవీంద్రభారతి’ అని చూసి పెద్ద హాలులో కూర్చుంటే వేరెవరి కార్యక్రమమో చూస్తూ కూర్చోవలసి వస్తుంది.

చిక్కడపల్లి త్యాగరాయ గానసభదీ ఇదే కథ. కార్డులో ‘కళా సుబ్బారావు కళావేదిక’ అని ఉంటే అది గానసభ ఆవరణలోనిదే, వేరే ఊళ్లో వెతకకండి. చిక్కడపల్లి మెట్రో స్టేషను జేబీఎస్–ఎంజీబీఎస్ మార్గంలో ఉంది, అమీర్‌పేట వైపు నుంచి వచ్చేవాళ్లు రైలు మారాలి.

తెలుగు విశ్వవిద్యాలయం ఎన్.టి.ఆర్. కళామందిరం నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ దగ్గరిది. ఇక్కడ రెండు తికమకలున్నాయి. విశ్వవిద్యాలయానికి మునుపు పొట్టి శ్రీరాములు పేరుండేది, ఇప్పుడు సురవరం ప్రతాపరెడ్డి పేరుంది. కార్డుల్లో రెండూ కనిపిస్తాయి, రెండూ ఒకటే. రెండోది, బాచుపల్లిలోనూ దానికి ప్రాంగణం ఉంది. మ్యాపులో పేరు కొట్టి గుడ్డిగా బయల్దేరితే ఊరికి ఆ చివర తేలతారు.

బాగ్‌లింగంపల్లి సుందరయ్య విజ్ఞాన కేంద్రంలో కూడా నాటకాలు పడుతుంటాయి. బంజారాహిల్స్‌లోని లామకాన్ 2010 నుంచి నడుస్తోంది. చిన్న ఆవరణ, ఆరుబయట మెట్ల మీద కూర్చోవడం, చవకగా చాయ్, సమోసా. అక్కడ అన్ని భాషల నాటకాలూ పడతాయి. వర్షాకాలంలో వెళ్తుంటే మాత్రం మబ్బు చూసుకుని ఒకసారి ఫోను చేయండి.

6. బయల్దేరే వేళ

కార్డు లెక్క ప్రకారం తెర ఏడున్నరకైతే ఏడుకల్లా హాలులో ఉండండి. మరీ లెక్కలు వేసి ఏడూ ఇరవై అయిదుకు వెళ్తే, ఆ రోజే ముఖ్య అతిథి రాకపోవడం, నాటకం ముందే మొదలైపోవడం జరుగుతుంది. నాటికల పోటీలైతే ఈ లెక్కలేవీ పెట్టుకోవద్దు. పోటీకి నిడివి నిబంధన ఉంటుంది, న్యాయనిర్ణేతలు ముందు వరసలో కాగితాలు పట్టుకుని కూర్చుంటారు, తర్వాతి బృందం మేకప్ వేసుకుని పక్కన నిలబడి ఉంటుంది. అందుకే అవి చాలా వరకు వేళకే మొదలవుతాయి. గుంటూరు, తెనాలి, విశాఖ వైపు నుంచి వచ్చే బృందాలను ఒకే సాయంత్రం వరసగా చూడవచ్చు కూడా. నన్నడిగితే కొత్తవాళ్లు తెలుగు నాటకం రుచి చూడవలసిన చోటు ఇదే.

తిరుగు ప్రయాణానికి మెట్రో చివరి రైలు ఎన్నింటికో వెళ్లేటప్పుడే చూసుకోండి. పద్య నాటకం ఎప్పుడు ముగుస్తుందో చెప్పడం కష్టం, కారణం ఎనిమిదో అంచెలో ఉంది.

7. ఎక్కడ కూర్చోవాలి

మొదటి వరస సోఫాలు ఖాళీగా ఉన్నా కూర్చోకండి, అతిథులు రాగానే లేపుతారు. అయిదు నుంచి పదో వరస మధ్యలో నడిమి కుర్చీలు మంచివి. నటుల ముఖాలు కనిపిస్తాయి, వేదిక మొత్తం కళ్లలో పడుతుంది. స్పీకరు ఎదురుగా కూర్చుంటే హార్మోనియం తప్ప పద్యం వినపడదు. బాల్కనీ కిందికి పోతే మాట మూగబోతుంది. కాసేపు కూర్చున్నాక మాట అందడం లేదనిపిస్తే, రంగం మారేటప్పుడు దీపాలు ఆరగానే చప్పుడు చేయకుండా జరిగిపోండి. ఎవరూ ఏమీ అనుకోరు, సీటు నంబర్లు ఉంటేగా.

సురభి నాటకానికి ఇంకాస్త వెనక్కి వెళ్లండి. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్లిలో కీచకవధ ఆడి మొదలైన కుటుంబ నాటక సంప్రదాయం అది. నగరంలో వాళ్ల కాలనీ లింగంపల్లి దగ్గరుంది. తాళ్లు, తీగలు, రంగులద్దిన తెరలతో మాయ చేస్తారు. నారదుడు మబ్బుల్లోంచి దిగుతాడు, రెండు బాణాలు గాలిలో ఢీకొని నిప్పులు రాలుతాయి, ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వాటంతట అవే ఎగిరి వెళ్తాయి. మరీ ముందు కూర్చుంటే లడ్డూ కన్నా దాన్ని లాగే తీగ ముందు కనిపిస్తుంది. పిల్లలు ముందుకే పోదామని మారాం చేస్తారు. మా వాడిని ఒకసారి అలాగే ముందు కూర్చోబెడితే, నాటకమంతా తీగ ఎక్కడ ముడి వేశారో వెతుకుతూనే గడిపాడు. వాడికి అదే ఎక్కువ నచ్చింది, అది వేరే సంగతి.

8. తెర లేచాక

ఫోను మూగగా పెట్టండి, తెర వెలుగు కూడా తగ్గించండి. చీకట్లో పక్కవాడి మొహం మీద పడే నీలి వెలుగు నటుడికి వేదిక మీద నుంచి స్పష్టంగా కనిపిస్తుంది.

పద్య నాటకంలో ‘వన్స్‌మోర్’ అనే కేక వినపడితే కంగారుపడకండి. నచ్చిన పద్యాన్ని మళ్లీ పాడమని అడగడం ఇక్కడి ఆచారం, నటుడు కథను పక్కన పెట్టి పాడతాడు. ఒక్కోసారి ఎవరో పెద్దాయన వేదిక ఎక్కి నోటు చదివిస్తాడు, అతని పేరు మైకులో వినపడుతుంది, యుద్ధానికి సిద్ధమైన అర్జునుడు కాసేపు ఆగి నమస్కారం పెడతాడు. నాటకం ముగిసే వేళ చెప్పలేనన్నది ఇందుకే. సాంఘిక నాటకంలో మాత్రం ఈ పని చేయకండి, చప్పట్లతో సరిపెట్టండి.

సరైన చోటికే వచ్చారా?

సభ ఎంతకీ ముగియడం లేదు, అసలు నాటకం ఉందా లేదా అని అనుమానం వస్తే ఈ గుర్తులు చూడండి. వేదిక ముందు నేల మీద మైకులు పెట్టారా, పై నుంచి వేలాడదీశారా? ఉపన్యాసాలకు స్టాండు మైకు ఒక్కటి చాలు, అలా వరసగా మైకులున్నాయంటే నాటకం ఉన్నట్టే. అతిథులకు శాలువాలు కప్పుతున్న చోటు, అంటే తెర ముందు భాగం, ఇరుకుగా ఉందా? వెనుక రంగం అమర్చేసి ఉంచారన్న మాట. తెర అడుగున పాదాలు అటూ ఇటూ తిరుగుతున్నాయా? వందన సమర్పణ జరుగుతుండగా తెర వెనుక నుంచి హార్మోనియం శ్రుతి ఒక్కసారి ‘సా’ అని పలికి ఆగిందా? ఇక లేవకండి, అయిదు నిమిషాల్లో తెర లేస్తుంది. టీకి వెళ్దామనుకునేవాళ్లు నష్టపోయేది సరిగ్గా అప్పుడే.

ఈ గుర్తులేవీ లేకుండా వేదిక మీద పొడవాటి బల్ల, దాని మీద పూలగుత్తి, నీళ్ల సీసాలు మాత్రమే కనిపిస్తే మీరు పుస్తకావిష్కరణలో ఉన్నారు. కార్డు మరోసారి చదవండి.

టికెట్ నాటకాలైతే

ఇంగ్లీషు, హిందీ, ఉర్దూ నాటకాలకు పైన చెప్పినవి చాలా వరకు తలకిందులవుతాయి. బుక్‌మైషోలో ‘ప్లేస్’ అన్న విభాగంలో ఊరి పేరు హైదరాబాద్ పెట్టి చూడండి. హాస్య కార్యక్రమాలు కూడా పక్కనే కలిసిపోయి కనిపిస్తాయి, ఒక్కడే మైకు పట్టుకున్న ఫొటో ఉంటే అది నాటకం కాదు. రంగస్థల దర్శకుడు ఖాదిర్ అలీ బేగ్ పేరిట 2005 నుంచి జరుగుతున్న నాటకోత్సవం లాంటివి ముందే ప్రకటిస్తారు, వాటి టికెట్ ఆఖరి రోజుకు వదిలేయకండి. ఇక్కడ సభ, శాలువా ఉండవు. చెప్పిన వేళకు తలుపు మూసేస్తారు, ఆలస్యమైతే బయటే. తెలుగు సభల లెక్కకు అలవాటుపడి గంట ఆలస్యంగా వెళ్లి, టికెట్ డబ్బులు పోగొట్టుకున్నవాళ్లలో నేనూ ఒకణ్ణి.

9. అయిపోయాక

తెర పడగానే పార్కింగుకు పరుగెత్తకండి. మేకప్ తుడుచుకోకుండానే నటులు వేదిక మీదికి వస్తారు, ఎవరైనా ఎక్కి పలకరించవచ్చు. దుర్యోధనుడు దగ్గర నుంచి చూస్తే ఏ బ్యాంకులోనో పని చేసి రిటైరైన పెద్దమనిషి అయి ఉంటాడు. మీసం ఒక పక్క ఊడి వస్తుంటుంది, చెమటకు చెంపల మీద రంగు గీతలు కట్టి ఉంటుంది. ‘రెండో రంగంలో మీరు ఆగిన చోటు బాగుందండీ’ అని ఏదో ఒకటి ప్రత్యేకంగా చెప్పండి, ‘బాగుంది’ అని ఊరుకోకండి. ప్రవేశం ఉచితమైనా హాలు అద్దె, లైట్లు, మేకప్, తబలా వాయించేవారు ఉచితం కాదు. చందా తీసుకుంటారా అని నిర్వాహకులను అడగండి, చాలామంది తీసుకుంటారు.

పోయే ముందు గుమ్మం దగ్గర నోటు పుస్తకం పట్టుకుని నిలబడ్డ మనిషిని వెతకండి. ఎక్కువసార్లు ఆయనే కార్యదర్శి, ఆయనే కుర్చీలు లెక్కపెట్టేవాడు. ఆ పుస్తకంలో మీ పేరు, ఫోను నంబరు విడమరిచి రాయండి, అంకెలు కలిసిపోకుండా. వచ్చే నెల కార్డు నేరుగా మీ ఫోనుకే వస్తుంది. వచ్చాక మాత్రం మొదట ఏ వారమో చూడండి, తర్వాతే తేదీ.